అటక మీద పిస్టలు

మా టీమ్‌లో టెక్సస్ నుంచి పనిచేసే ఒకాయన ఉన్నాడు. సోమవారం కాల్‌లో వీకెండ్ ఎలా గడిచిందని అడిగితే నేను బిర్యానీ గురించి చెప్తా, ఆయన పిస్టళ్ల గురించి చెప్తాడు. అవి సినిమాల్లో చూసే రకం కావు. అన్నీ పాతకాలపు పాయింట్ టూటూ టార్గెట్ పిస్టళ్లు, అంటే అట్ట మీద గుండ్రాలు కొట్టడానికి చేసినవి. 1915లో మొదలై 1977 దాకా తయారైన కోల్ట్ వుడ్స్‌మన్, 1957లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41, ఇలా మొత్తం ఎనిమిది. ఓ రోజు కెమెరా ముందు ఒక్కోటీ తీసి చూపించాడు, మా అత్త బీరువా తెరిచి పట్టుచీరలు చూపించినట్టు :)

"నీ దగ్గర ఏమైనా ఉన్నాయా?" అనడిగాడు.

"ఒకటుంది" అన్నా. ఆ ఒక్కదాని కథ ఐదు నిమిషాల కాల్‌లో ఇంగ్లీషులో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ చెప్తున్నా.

మా ఇల్లు ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల. ఇల్లు మా పెద్దనాయినది. ఆయన కాలేజీలో లెక్చరర్, దాంతోపాటు ఎన్‌సీసీ ఆఫీసర్. పిల్లల చేత పాయింట్ టూటూ రైఫిల్ కాల్పించీ కాల్పించీ ఆయనకే ఆ పిచ్చి పట్టింది. 1980ల్లో హైదరాబాదులో ఒక షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎయిర్ పిస్టల్ కొన్నాడు. జర్మనీలో తయారైన ఫైన్‌వెర్క్‌బావు 65. పేరులో ఉన్నట్టే 1965లో వచ్చిన మోడల్. లోపల వెళ్లేది తూటా కాదు, 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్. మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడే.

ఇంజనీరింగ్ చదివినవాళ్లు దీని గురించి ఒక్క ముక్క వినాలి. స్ప్రింగుతో పనిచేసే పిస్టల్లో ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, పెల్లెట్ గొట్టం దాటేలోపే పిస్టల్ అదిరి గురి చెడుతుంది. ఈ 65లో బ్యారెల్, పిస్టన్ ఉన్న పైభాగం మొత్తం చిన్న పట్టాల మీద కొంచెం వెనక్కి జారుతుంది. అదురంతా అక్కడే పోతుంది, చేతికి తెలియదు. కరెంటు లేదు, చిప్పు లేదు. పక్కన ఒక చిన్న మీట కూడా ఉంది. అది తిప్పితే ట్రిగ్గర్ బరువు 500 గ్రాముల నుంచి 1360 గ్రాములకు మారుతుంది. అసలు పిస్టళ్లు కాల్చేవాళ్లు ఇంట్లో ప్రాక్టీసు చేసుకోవడానికి ఆ ఏర్పాటు. 60 ఏళ్ల కిందటి డిజైన్. మేం రాసే కోడ్ 6 ఏళ్లు నిలిస్తే గొప్ప.

సరే, అసలు విషయానికొస్తా. నేను పుట్టకముందే ఆ పిస్టల్ అటకెక్కింది.

పీపుల్స్ వార్‌ను 1980లో పెట్టిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు వరంగల్‌లో హిందీ పంతులు. 1992లో ప్రభుత్వం ఆ పార్టీని నిషేధించింది. ఆ రోజుల్లో మా జిల్లాలో తుపాకీ అన్న మాటకి రెండే అర్థాలు, అయితే అన్నలది, లేదా పోలీసులది. ఆటలాడే తుపాకీ అని మూడోది ఉంటుందని ఎవరికి చెప్పినా నమ్మరు. మా తాతకి ఊళ్లో లైసెన్సున్న నాటు తుపాకీ ఉండేది, పందుల కోసం. ఒక రాత్రి పది మంది వచ్చి తీసుకపోయారు. తెల్లారి ఇంకో పది మంది వచ్చి ఎందుకిచ్చావని తాతను తీసుకపోయారు. ఆర్నెల్లు ఠాణా చుట్టూ తిరిగాడు. చివరికి పొలం కౌలుకిచ్చి, కుటుంబమంతా కోటలో పెద్దనాయిన ఇంటికి చేరింది.

ఇంట్లో నల్లటి పిస్టల్ ఉంటే ఆ టైంలో ఎలా ఉంటుందో ఊహించండి. అది గాలితో పనిచేస్తుందని అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్లకి ఎవరు క్లాసు పీకుతారు? పెద్దనాయిన దాన్ని నూనె గుడ్డలో చుట్టి, పాత రగ్గులో పెట్టి, అటక మీద ఇత్తడి కాగులో దాచాడు. మళ్లీ ఎప్పుడూ తీయలేదు. ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

ఆయన 2020లో పోయాడు. 2023లో పైకప్పు రిపేరు చేయిస్తుంటే కాగు దిగింది. పెద్దమ్మ చూసి, "గదా! గది మీ పెద్దనాయినకు పానం. నువ్వే ఉంచుకో బిడ్డా" అంది. మా నాన్న మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నా ఇంట్ల తుపాకి వద్దు. బాయిల పారెయ్."

"నాన్నా, ఇది ఎయిర్ పిస్టల్. దీనికి లైసెన్సు కూడా అక్కర్లే."

"మీ తాతకు లైసెన్స్ ఉండె. ఏమైంది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

2016 ఆయుధాల నియమాలు ప్రింటు తీసుకున్నా. బోరు 4.5 మిల్లీమీటర్లకి, శక్తి 20 జౌళ్లకి మించని ఎయిర్ గన్‌కి లైసెన్సు అవసరం లేదు. మా 65 ఆ హద్దుకి చాలా కిందే. నాన్న చదివి, "కాయితం నాకు కాదు, ఠాణాల చూపియ్" అన్నాడు. ఇద్దరం వెళ్లాం. బండి మీద వెనక కూర్చున్న నాన్న దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడున్న సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏందిది, జేమ్స్ బాండ్‌దా?" అని నవ్వాడు. నాన్న నవ్వలేదు. బయట పట్టుకుని తిరగొద్దు, పిల్లల చేతికివ్వొద్దు అని చెప్పి పంపించాడు.

అన్నట్టు, ఆ జోకులో నిజం ఉంది. 1963 సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' ప్రచారం ఫొటోల్లో షాన్ కానరీ గుండెలకి ఆనించి పట్టుకున్నది నిజం పిస్టల్ కాదు, వాల్తర్ ఎల్‌పీ 53 అనే ఎయిర్ పిస్టల్. ఫొటో తీసే రోజు అసలుది తేవడం మర్చిపోయారట, ఫొటోగ్రాఫర్ తన సొంతది ఇచ్చాడు. ప్రపంచమంతా దాన్నే నిజం తుపాకీ అనుకుంది. మా పెద్దనాయిన భయం ఉత్త భయం కాదు.

ఠాణా నుంచి వచ్చాక నాన్న ఒకే షరతు పెట్టాడు. "తలుపు ఏసుకొని కాల్చకు. దర్వాజ తెరిసి, అందరు సూసేటట్టు కాల్చు. దాసిపెట్టినందుకే గదా ముప్పై ఏండ్లు మేం నిద్రపోలే."

పెరట్లో 10 మీటర్లు కొలిచా. పాత గ్రీజు గడ్డకట్టి ఉంది, బ్యారెల్ మూసుకునే చోట రింగు పగిలిపోయింది. లేత్ మిషన్ అతని దగ్గర నైలాన్ కడ్డీతో కొత్తది తిప్పించా. మొదట ఇటుక గోడకి అట్ట కట్టబోతే నాన్నే ఆపాడు, పెల్లెట్ తగిలి తిరిగొస్తుందని. పొలం నుంచి బంకమట్టి తెచ్చి, గడ్డి కలిపి తొక్కి, గజం మందాన ఒక దిమ్మె కట్టాడు. పెల్లెట్ అందులో దిగిపోతుంది, చప్పుడు కూడా ఉండదు. మట్టి సంగతి మా కోటవాళ్లకి చెప్పాలా? 1310 నాటి మాలిక్ కాఫూర్ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో, రాళ్లు విసిరే యంత్రాలకి కూడా ఈ మట్టిగోడ లొంగలేదని ఆశ్చర్యపోయాడు. (కోటలో మాత్రం కాల్చకండి, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు.)

పోటీ అట్టలో పది పాయింట్ల గుండ్రం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 1.2 కిలోల పిస్టల్‌ని ఒంటిచేత్తో చాచి దాన్ని కొట్టాలి. మొదటి రోజు పది షాట్లకి నాకొచ్చింది వందకి 41. ఇప్పుడు 80 దాటుతున్నా. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్లకే ఇదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ పిల్ల కాలి గోటికి కూడా సరిపోనని పెరట్లో నిలబడితేనే తెలిసింది.

మధ్యలో నాకూ కలెక్షన్ దురద పట్టింది, దాచడమెందుకు. పాత వెబ్లీ ఒకటి, వాల్తర్ ఒకటి, వీలైతే లైసెన్సు తీసుకుని పాయింట్ టూటూ ఒకటి. ఇక్కడ అది తేలిక కాదు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారుడికి మూడు తుపాకుల పరిమితి రెండుకి తగ్గింది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనిషికి దాదాపు లేనట్టే. పేరున్న షూటర్లకే మినహాయింపు.

టెక్సస్ ఆయన దీనికి జాలిపడ్డాడు. నేనే పడలేదు. ఈ చట్టం ఇంకా సులువు కావాలని నేను అనను. మా తాత దగ్గరున్నది లైసెన్సున్న తుపాకీయే. అది ఇంట్లో ఉండటం వల్లే ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. తుపాకీ ఎవరికి కనబడితే వాళ్ల ఆలోచన మారిపోతుంది, అది మన చేతిలో లేదు. కానీ ఆటకి దారి మూయాలని కూడా అనను. 2002 జాతీయ క్రీడల కోసం సెంట్రల్ యూనివర్సిటీలో కట్టిన రేంజి లాంటిది వరంగల్‌లో ఒకటి ఉండి ఉంటే, పెద్దనాయిన పిస్టల్ అక్కడి బీరువాలో ఉండేది. ఆయన రిటైరయ్యాక కూడా పోయి కాల్చుకునేవాడు. ఇంట్లో దాచేవి తగ్గాలి, నలుగురి మధ్య ఆడుకునే చోట్లు పెరగాలి. అంతే నా వాదన.

కాబట్టి నా కలెక్షన్ ఒకటితోనే ఆగిపోయింది. పండక్కి ఇంటికెళ్తే ఆదివారం పొద్దున దర్వాజ తెరిచి పెడతాం. గల్లీ పిల్లలు గోడ మీద కూర్చుని స్కోరు లెక్కపెడతారు, గురి తప్పితే నవ్వుతారు. నాన్న ఇప్పటిదాకా పిస్టల్ ముట్టుకోలేదు, ముట్టుకోమని నేనూ అడగలేదు. కాకపోతే వానాకాలం అయిపోగానే ఆ మట్టి దిమ్మెకి కొత్త మట్టి మెత్తేది ఆయనే.