ఆకుమడుల దారిలో

ఆమదాలవలస
మంగళవారం రాత్రి

చెల్లాయీ,

నువ్వు పంపిన ఫొటోలు రైల్లోనే చూశాను. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగితే ఊరు మాత్రం ఆమదాలవలస. శ్రీకాకుళం వెళ్లాలంటే మళ్లీ ఆటో ఎక్కాలి. ఈ పూట ఇక్కడే ఆగిపోయాను.

నీ గదిలో మిరప, టమాటా మొలకలు మట్టికి ఆనుకున్న చోట మెత్తబడి, దారంలా సన్నబడి, పక్కకి ఒరిగిపోయాయి కదా. అది నారుకుళ్లు. అందులో అనుమానం లేదు. మిగిలినవి రెండాకుల దగ్గరే ఆగిపోవడం వేరే సంగతి, దాని గురించి తర్వాత రాస్తాను. రెండింటికీ ఒకటే మందు పోయడం వల్లే నీకు ఏదీ కుదర్లేదు.

సాయంత్రం గోగు చేల గట్టు మీద నడిచాను. గోనెసంచులకి నార ఇచ్చే గోగు ఈ ప్రాంతంలో పాత పంట. తొలకరికి చల్లుతారు, పూత మీద కోసి చెరువులో ఊరబెట్టి నార తీస్తారు. లేత మొక్కల ఆకు వేళ్లు చాపినట్టు ఉంటుంది. తెలియనివాళ్లు దూరం నుంచి చూస్తే గంజాయి అనుకుని కంగారుపడతారు! ఆ నార కొనే జూట్ మిల్లులు ఒక్కొక్కటే మూతబడటంతో సాగు బాగా తగ్గిపోయింది. అయినా గోగు మీద పరిశోధన ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలోనే జరుగుతోంది. కళింగ, దుర్గ రకాలు ఇక్కడివే.

గోగుకి పెద్ద శత్రువు మొదలుకుళ్లు. దాన్ని తెచ్చేది ఫైటోఫ్తోరా. నీ ట్రేల్లో ఉన్నది బహుశా దాని దాయాది పిథియం. ఈ రెండింటినీ మనం బూజు అనే పిలుస్తాం గానీ అసలు శిలీంధ్రాలే కావు, నీటి నాచులకి దగ్గర చుట్టాలు. వాటి బీజాలకి తోకలుంటాయి, తడి మట్టిలో ఈదుకుంటూ వేరుని వెతుక్కుంటాయి. కార్బెండజిమ్ వీటి మీద పనిచేయదు. నువ్వు రెండుసార్లు పోసింది అదే. పైగా దానికి ముందు వేసిన ట్రైకోడెర్మా నిజమైన శిలీంధ్రం కాబట్టి, ఆ మందుకి అది చచ్చిపోయి ఉంటుంది. కాపలా కుక్కని చంపి దొంగని వదిలేసినట్టయింది.

గట్టు మీద కాలవ తీస్తున్న ముసలాయన్ని ఏ మందు కొడతారని అడిగాను. "నీరు తియ్యకపోతే మందేటి సేస్తాది బావూ" అని మళ్లీ పార పట్టాడు. నీకు రాయాల్సిందంతా ఆయన అనేశాడు. కానీ అంతటితో ఉత్తరం ఆపేస్తే నువ్వు ఊరుకోవు కదా.

కవిటి
గురువారం

చెల్లాయీ,

ఉద్దానంలో ఉన్నాను. కొబ్బరి, జీడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే నేల ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ తోటలు కూకటివేళ్లతో పడిపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. కొత్తగా వేసిన తోటల మధ్య ఎత్తుగా మిగిలిన ముసలి చెట్లు అక్కడక్కడే కనిపిస్తాయి.

డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టే నువ్వు ఇటుకలుగా కొనే కోకోపీట్. నీ మొక్కలు ఎదగకపోవడానికి జవాబు ఇక్కడ దొరికిందనుకుంటున్నాను. కొబ్బరి పొట్టులో సహజంగానే పొటాషియం, సోడియం ఉంటాయి. డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెడితే ఇంకా పెరుగుతాయి. కడగని పొట్టులో గింజ మొలుస్తుంది గానీ వేరు నీళ్లు లాగలేదు. ఆకు అంచులు మాడతాయి, మొక్క గిడసబారుతుంది. నానబెట్టిన నీళ్లు తేటగా వస్తే ఉప్పు పోయిందనుకోకు, రంగు వేరు, ఉప్పు వేరు. నీళ్లలో ఉప్పు కొలిచే ఈసీ మీటరు చవకలో దొరుకుతుంది, అది కొను. మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చి పిండు. తర్వాత కొంచెం కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక పూట ఉంచి మళ్లీ కడుగు. పొట్టుని పట్టుకుని వదలని సోడియాన్ని కాల్షియం తోసేస్తుంది.

ఇంకొకటి. ఆ పొట్టులో తిండి దాదాపు ఏమీ ఉండదు. గింజలో ఉన్న నిల్వతో మొక్క రెండాకుల వరకూ వస్తుంది, ఆ తర్వాత ఆకలే. మూడో ఆకు కనిపించగానే 19:19:19 ఎరువు లీటరుకి రెండు గ్రాములు మించకుండా కలిపి పొయ్యి. వర్మీకంపోస్టు కలిపి ఉంటే ఆ ఎరువు కొన్నాళ్లు ఆగి పోయొచ్చు.

పొట్టు పైన తెల్లగా అల్లుకున్న బూజుకి భయపడ్డావు. అది చాలా వరకు కుళ్లు తిని బతికేదే, మొక్క జోలికి రాదు. గోళ్లతో గీకి, పైపొర ఆరనివ్వు. కుండీ చుట్టూ ఎగిరే చిన్న నల్ల ఈగల్ని మాత్రం వదలకు. వాటి పిల్లపురుగులు లేత వేర్లు కొరుకుతాయి. తడి ఉన్నంతకాలం అవి పోవు.

బొబ్బిలి
శనివారం

చెల్లాయీ,

వీణలు చేసే గొల్లపల్లి చూసి వచ్చాను. ఒక్క పనస దుంగని తొలిచి వీణ మొత్తం చేస్తారు. దాని గురించి ఇంటికొచ్చాక చెబుతాను. ఇప్పుడు నర్సరీ కబుర్లు.

ఇక్కడ షేడ్‌నెట్ కింద 98 గుంటల ట్రేలు కమ్మీల బల్లల మీద పెట్టారు. కింద గాలి ఆడుతోంది, నీరు నిలవదు. నీవి పళ్లెంలో నీళ్లలోనే కూర్చున్నాయి. నర్సరీ ఆవిడ ట్రే ఎత్తి చూసి, బరువుని బట్టి తడి పెడుతోంది. తడి పొద్దున్నే. సాయంత్రం పెడితే రాత్రంతా తడిలోనే ఉంటాయట. "పిల్ల మొక్కకి నీడ ఎక్కువైనా కూడదు" అంది. అది నీకే వర్తిస్తుంది. కిటికీ పక్కన వెలుగు మన కంటికి చాలుతుంది గానీ మొక్కకి చాలదు. అందుకే కాడలు సన్నగా సాగి, ముందు అవే కూలాయి. పొద్దుటి ఎండ నేరుగా పడే బాల్కనీకి మార్చు. లేదా అడుగు ఎత్తులో ఎల్ఈడీ దీపం రోజుకి 14 గంటలు వెలిగించు, పక్కన చిన్న ఫ్యాను పెట్టు.

పల్లెల్లో నేల మీదే నారు పోసేవాళ్లు ఆకుమడిని జానెడు ఎత్తు లేపుతారు. విత్తనం పలచగా వేస్తారు. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడిపి, గోనె కప్పి నీడలో ఉంచి వాడటం శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి. నీకు పిడికెడు చాలు. కుళ్లు మొదలైతే మాత్రం కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడపాలి. రాగి మందుకీ ట్రైకోడెర్మాకీ మధ్య కనీసం పదిరోజులు ఎడం ఉంచు. పడిపోయిన మొక్క ఏ మందుకీ లేవదు. పక్కనున్నవాటిని కాపాడటానికే ఇదంతా.

ఇక్కడ పొద్దున్నే చోడి అంబలి తాగుతున్నాను. అమ్మకి చెప్పు, నా కడుపు గురించి బెంగ అక్కర్లేదని.

నేను వచ్చేదాకా ఆగకు. ఆ ట్రేల్లో పొట్టంతా పారేయ్, మళ్లీ వాడకు. ట్రేలు బ్లీచింగ్ నీళ్లలో నానేసి ఎండలో ఆరబెట్టు. ఈసారి మిరప గింజలు గుంటకి ఒకటే వెయ్యి, నీళ్లు సగానికి తగ్గించు.

మీ అన్నయ్య