వీరణము – ఉశీరము

అమరకోశం ఒకే తృణానికి రెండు నామాలను వేరువేరుగా చెబుతుంది. నేలపై నిలిచిన గడ్డి వీరణం. దాని మూలం ఉశీరం. తెలుగులోనూ ఈ విభాగం ఉన్నది. గడ్డి అవురుగడ్డి, వేరు వట్టివేరు. కాలక్రమంలో మనకు ఉశీరమే జ్ఞాపకమున్నది, వీరణం మరుగున పడింది. వేసవిలో తడిపిన తడికల చల్లదనం, కూజానీటి పరిమళం, అభిజ్ఞాన శాకుంతలం తృతీయాంకంలో తాపశమనానికి కొనిపోయిన ఉశీరలేపనం — ఇవన్నీ వేరును పెకలించిన తరువాతి వైభవాలే. పెకలించక పూర్వం ఆ వేరు ఏమి చేస్తున్నదన్నది విచారించదగిన విషయం.

వీరణం మన దేశపు బహువార్షిక తృణం. వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో దుబ్బులుగా పెరుగుతుంది. గరికవలె పక్కలకు పాకదు. దాని సన్నని వేళ్లు గుబురుగా, నిట్టనిలువుగా 3 మీటర్ల లోతువరకు దిగి మట్టిని బంధిస్తాయి. చిగురించే మొదలు నేలలో కొంత దాగి ఉండుటచేత పశువులు మేసినా, నిప్పంటుకున్నా మరల మొలుస్తుంది. వరదనూ, అనావృష్టినీ సమానంగా సహిస్తుంది. గాఢమైన నీడను మాత్రం ఓర్వలేదు. వరుసగా ఉన్న దుబ్బుల గుండా ప్రవహించే నీరు వేగం తగ్గి, తాను మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే విడిచిపోతుంది. ఒండ్రు పేరుకొనేకొద్దీ గడ్డి కణుపుల వద్ద కొత్త వేళ్లు వేసి, నేలతోపాటు తానూ పైకి లేస్తుంది.

కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంత రైతులు ఈ గుణాన్ని గుర్తించి తరతరాలుగా దీనిని పొలాల హద్దుల్లో పెంచారు. 1980 దశకంలో ప్రపంచ బ్యాంకు వ్యవసాయ నిపుణులు దీనిని నేలకోత నివారణకు ప్రచారం చేశారు. 1993లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి దీనిపై ఒక గ్రంథమే వెలువరించింది.

మా పిత్రార్జిత భూమి పక్కన ప్రవహించే వాగు గట్టున ఈ దుబ్బులున్నాయి. గత సంవత్సరం ఒక వర్తకుడు వచ్చి, వేళ్లను మొత్తంగా తవ్వుకొంటానని మంచి ధర పలికాడు. అన్నగారికి ఆ ధనం అత్యవసరం. కుమార్తె కళాశాల రుసుము గడువు సమీపించింది. "గడ్డే కదా, మళ్లీ మొలవదా?" అన్నారాయన. "మొలుస్తుందన్నయ్యా, కాని అది మొలిచేలోగా వర్షాకాలం వస్తుంది" అన్నాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. వదినగారే చివరకు, "గట్టు పోతే చేను పోతుంది, చేను పోయాక చదువు దేనితో చెప్పిస్తాం?" అన్నారు.

ధర్మశబ్దానికి మూలం ధరించుట అనే అర్థంగల ధాతువు. ఇతరులను నిలిపి ఉంచేది ధర్మం. ఈ నిర్వచనానికి వీరణంకన్న సమీపమైన దృష్టాంతం నాకు కనబడలేదు. ఉశీరాన్ని అనుభవించుట దోషమని నా అభిప్రాయం కాదు. భోగానికి పెంచిన వేరు వేరు, నేలను ధరిస్తున్న వేరు వేరు. ఈ వివేకం అవసరం.

రుసుము కోసం అన్నగారు అప్పు చేశారు. అందులో సగం నేను పంచుకున్నాను. గట్టుమీది దుబ్బుల నుండి కొన్ని పిలకలు మాత్రం తీసి, చేనిలో చదునైన ఇసుకనేలలో పది సెంట్లలో నాటాము. వేళ్లు తవ్వకానికి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు వడ్డీ మాది, గట్టు వీరణానిది.