పగలు సుద్దముక్క, రాత్రి చీపురు

రెండో ఉద్యోగం అనే మాట పట్నంలో చదువుకున్నోళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తది. ఒక్క పనితో ఇల్లు గడిచినోళ్ళని మా మాదిగపల్లెలో నేనెప్పుడూ చూళ్ళేదు. మా తాత పాలేరు. పాలేరుతనం గాక లందలో తోళ్ళు నానేసేవాడు, ఆసాములకి చెప్పులు కుట్టేవాడు, చావుకీ జాతరకీ డప్పు కొట్టేవాడు. ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకొచ్చేవాడు. ఇన్ని పనులకీ కలిపి ఏడాదికి కాసిని గింజలు. మాయమ్మ మిరపకాయల కోతకి పోకముందే కామందు ఇంట్లో పేడకళ్ళు తీసి, దొడ్డి చిమ్మి, కుడితి తొట్లు కడిగి వచ్చేది. దానికి కూలి లేదు. మిగిలిన అన్నం, ఇంత పచ్చడి గిన్నెలో పైనించి పడేసేవాళ్ళు. దాన్ని ఎవురూ ఉద్యోగం అనలా. పని అని గూడా అనలా. "పొద్దున్నే ఒకసారి వచ్చిపోవే" అన్నారు, అంతే.

కాబట్టి 2003లో నేను రెండో ఉద్యోగంలో చేరానంటే అది గొప్పా కాదు, కొత్తా కాదు. రెండో పనికి డబ్బులు చేతిలో పడిన మొదటి మనిషిని మా ఇంట్లో నేను. తేడా అదొక్కటే.

అప్పులోళ్ళంటే లోకానికి ఒక లెక్క ఉంది. తాగి చెడ్డారనో, తాహతుకి మించి పోయారనో. నేను లెక్కల టీచర్ని. మా ఇంటి లెక్క నేను చెప్తాను, వినండి.

తాత చేసిన అప్పు కింద మా నాయన పన్నెండో ఏట పాలేరు కుదిరాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం అట్టాంటి అప్పులన్నీ రద్దయిపోయినట్టే. మా పల్లెకి వచ్చి ఆ సంగతి చెప్పినోళ్ళు లేరు. నాయన 1981 దాకా ఆ తీరిపోయిన అప్పు కిందనే పనిచేశాడు. ఆ తర్వాత కంకర క్వారీకి పోయాడు. అక్కడి దుమ్ము రొమ్ములో చేరింది. 1989లో మేం టౌనుకొచ్చాం. ఆ టౌను పేరు రాయను. 1990లో అమ్మ మున్సిపాలిటీలో రోజుకూలీ మీద ఊడ్చే పనిలో చేరింది. 1994లో 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండిన రోజుకూలీలని పర్మినెంటు చేస్తామన్నారు. మాయమ్మకి మూడేళ్ళే అయినయ్. అదే ఏడు వచ్చిన చట్టం ఇక ముందు అట్టా రోజుకూలీ మీద మనుషుల్ని పెట్టుకోవద్దంది. రోడ్డు మీద చెత్త మాత్రం ఆగలా. ఊడ్చేవాళ్ళు కాంట్రాక్టరు కిందకి పోయారు. అదే వీధి, అదే చీపురు. పక్కన ఊడ్చే పర్మినెంటు పిన్నికి వచ్చే జీతంలో మాయమ్మకి వచ్చేది సగం గూడా కాదు.

నాయన 2001లో పోయాడు. చివరి ఆరు నెలలూ ఒక ప్రైవేటు ఆసుపత్రికి తిరిగాం. మంచం మీద మనిషి ఊపిరాడక కొట్టుకుంటంటే వడ్డీ రేటు ఎవురు బేరమాడతారు?

2003 జూన్ నాటికి మా లెక్క ఇదీ. ఊళ్ళో ఆసామి దగ్గర అమ్మ వేలిముద్రతో ప్రామిసరీ నోటు, 20,000. మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకి 600. పదివేల చీటీ ఒకటి తొందరపడి ఏడువేలకే పాడుకున్నాం, దానికి నెలనెలా 500. రోజువారీ ఫైనాన్సు రోజుకి 50, అంటే నెలకి 1,500. ఇంటి అద్దె 400. మొత్తం 3,000. నేను బీయస్సీ చదివి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తే వచ్చేది 1,600. అమ్మకి రోజుకి 75 చొప్పున 1,950. అన్నీ కట్టినాక మిగిలేది 550. ముగ్గురం తినాలి. తమ్ముడు ఐటీఐ చదువుతుండాడు.

ఆ రోజువారీ ఫైనాన్సు సంగతి తెలీనోళ్ళకి చెప్పాలి. అయిదువేలకి నోటు రాయించుకుంటారు. చేతిలో పెట్టేది 4,250. మిగతా 750 ముందే కోసుకుంటారు. రోజుకి యాభై చొప్పున నూరు రోజులు కట్టాలి. సాయంత్రం ఆరింటికి మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వచ్చి, బండి దిగకుండానే కార్డు మీద గీత పెట్టి పోయేవాడు. "ఏమ్మా, ఇయ్యాల లేదంటే రేపు రెండు" అనేవాడు. మాయమ్మకి కొడుకు వయసువాడు. పైకి చూస్తే నాలుగువేలకి ఏడొందల యాభయ్యే గదా అనిపిస్తది. కానీ అసలు రోజూ తగ్గిపోతా ఉంటది, వడ్డీ మాత్రం మొదటిరోజే పూర్తిగా కోసేశారు. నేను కూర్చుని ఏడాదికి లెక్క కడితే నూటికి నూట ఇరవై దాటింది. పగలు ఏడో తరగతి పిల్లలకి బారువడ్డీ లెక్కలు చెప్పేదాన్ని. ఆ పుస్తకంలో ఎవురో ఒకాయన బ్యాంకులో అప్పు తీసుకుంటాడు, నూటికి పది, కాలం రెండేళ్ళు. మా పేటలో ఒక్క ఇంటి అప్పు గూడా ఆ పుస్తకంలో లేదు.

అప్పుడు నేను రాత్రి పనికి పోతానన్నా. మెయిన్ రోడ్లు రాత్రి పదింటి నుంచి తెల్లారగట్ల నాలుగింటిదాకా ఊడ్చే గ్యాంగులో బదిలీ మనుషులు కావాలని అమ్మే ఇంట్లో మాటల్లో అంది. రోజుకి డెబ్బై. అందులో అయిదు మేస్త్రీకి. నెలకి ఇరవయ్యారు రాత్రులకి 1,690.

మాయమ్మ రెండు రోజులు నాతో మాట్లాళ్ళేదు. మూడో రోజు అన్నం పెడతా అంది: "నిన్ను హాస్టల్లో ఏసింది నా ఎనకాల నడిచిరావడానికి గాదమ్మే. నా చేతిలో చీపురు నాతోనే పోవాలనుకున్నా." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫైనాన్సు కార్డు తీసి ముందు పెట్టా. ఆమెకి చదువు రాదు. ఆ గీతలు మాత్రం నాకన్నా బాగా చదివింది.

పనిలో చేరినాక తెలిసింది, మాయమ్మ చేతులు అట్టా ఎందుకున్నయ్యో. చీపురు గూడా మనమే కొనుక్కోవాలి, మనమే కట్టుకోవాలి. కొబ్బరి ఈనెల కట్ట, దానికి పొడుగు కర్ర. గ్లవుసులు లేవు, ముక్కుకి గుడ్డ లేదు. కొంగే అన్నిటికీ. సినిమా హాళ్ళు వదిలే టైముకి బస్టాండు రోడ్డు, ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు. పగిలిన సీసాలు, కుళ్ళిన టమాటాలు, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి విసిరేసిన అశుద్ధం. ఒంటేలుకి పోవాలంటే చోటు లేదు, ఇద్దరు ముగ్గురం కలిసి చీకటి సందు వెతుక్కునేవాళ్ళం. అందుకే చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. తాగుబోతులు అడ్డమొచ్చి వాగితే మా గ్యాంగులో పెద్దామె చీపురు తిరగేసేది. మూడింటికి టీ కొట్టు తెరిస్తే మాకు గాజుగ్లాసు ఇచ్చేవాడు కాదు, కాగితం కప్పు. అదే కొట్లో నేను పగలు చీర మార్చుకుని బడికి పోతా ఆగితే గాజుగ్లాసు. మనిషిని నేనే, డబ్బులూ అవే.

నాలుగున్నరకి ఇల్లు, ఏడింటిదాకా నిద్ర. లేచి నీళ్ళు మోసి, వంట చేసి, తొమ్మిదింటికి బడి. అమ్మ పొద్దున్నే అయిదింటికి డ్యూటీకి పోయేది. ఒకే గదిలో ఉంటా ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం ఆదివారం చూసుకునేవాళ్ళం. మా పేట మధ్యలో అంబేద్కర్ బొమ్మ ఉంది. వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరుగా ఉండి, 1946లో ఫ్యాక్టరీ చట్టాన్ని సవరించి, వారానికి 48 గంటలకి మించి పనిచేయించగూడదని తెచ్చిన మనిషి. రోజూ రాత్రి ఆ బొమ్మ ముందునుంచే చీపురేసుకుని పోయేదాన్ని. బడి 45 గంటలు, రోడ్డు 36 గంటలు, వారానికి 81. ఇంటి చాకిరీ ఇందులో కలపలా. అది ఏ చట్టంలోనూ గంటల్లోకి రాదు గదా.

అక్టోబరులో దసరా బేరాలప్పుడు బట్టల కొట్టు రాత్రి పొద్దుపోయిందాకా తెరిచి ఉంచిన ఒకాయన నన్ను చూశాడు. ఆయన కూతురు మా బడిలోనే ఏడో తరగతి. సెలవులు అయి బడి తెరిచిన రోజు క్లాసులో ఆ పిల్లే లేచి అడిగింది, "టీచర్, మీరు రాత్రిపూట రోడ్డు ఊడుస్తారంట గదా, మా నాన్న చెప్పాడు." పిల్లలు కిసుక్కుమన్నారు. "అవునమ్మా, మీ కొట్టు ముందర గూడా నేనే ఊడ్చా" అన్నా. నవ్వు ఆగిపోయింది. వెనక బెంచీలో మా పేట పిల్లోడు ఒకడు ఉండేవాడు, వాళ్ళమ్మ మా గ్యాంగే. ఏడాదంతా తల ఒంచుకుని కూర్చునేవాడు. ఆ రోజు బోర్డు మీద లెక్క చేసేదానికి మొదటిసారి తనంతట తనే లేచొచ్చాడు.

సాయంత్రం కరస్పాండెంటు పిలిపించాడు. అప్పటిదాకా "టీచర్ గారూ" అనేవాడు.

"చూడమ్మాయ్, నాకు పట్టింపుల్లేవు. పేరెంట్స్ ఊరుకోరు. చీపురు పట్టిన చేత్తో పిల్లల నోటుపుస్తకాలు ముట్టుకుంటే ఎట్టా? ఏదో ఒకటి తేల్చుకో."

"మీరిచ్చే జీతంతో ఇల్లు గడిస్తే నేను రాత్రి పనికి ఎందుకు పోతాను సార్? ఆ చీపురు మీకన్నా నెలకి తొంభై రూపాయలు ఎక్కువ ఇస్తంది."

"మీవాళ్ళతో ఇదే. చదువుకున్నా బుద్ధి మారదు."

అప్పటిదాకా నా కులం ఏందో ఆయన అడగలా, నేను దాచలా. చీపురే చెప్పింది. అదే రాత్రిపూట నేను ట్యూషన్లు చెప్పినా, కంప్యూటరు సెంటరులో కూర్చున్నా "కష్టపడే అమ్మాయి" అని అందరికీ చూపించేవాడు. రెండో ఉద్యోగం తప్పు కాదు ఆయనకి. ఆ పని ఏ కులానిదో అదే తప్పు. పదకొండు రోజుల జీతం ఎగ్గొట్టి పంపించాడు.

నెల తిరక్కుండానే ఇంకో బడి చూసుకున్నా. రిటైరైన దళిత మాస్టారు నడిపే చిన్న బడి, జీతం 1,500. చేరేరోజే చెప్పా, రాత్రి ఊడుస్తానని. "అయితే మొదటి పీరియడ్ నీకు వద్దులే తల్లీ, ఇంకో గంట పడుకో" అన్నాడాయన. ఆ గంట నిద్ర నాకెవురూ ఇయ్యని బహుమానం.

రాత్రి పని 2006 దాకా చేశా. ముందు ఫైనాన్సు తీర్చాం, మళ్ళీ తీసుకోలా. చీటీ అయిపోయింది. తమ్ముడు పనిలో చేరాక ఊళ్ళో నోటు తీర్చడానికి అమ్మా నేనూ పోయాం. 20,000 అసలుకి అప్పటికే వడ్డీ కింద అసలుకి మించి కట్టాం. ఆసామి నోటు వెనక చెల్లు రాసి అరుగు మీదనుంచి కిందకి వదిలాడు. అమ్మ వంగి తీసుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపా. ఆయనే దిగొచ్చి తీసి ఇచ్చిందాకా నిలబడ్డాం. ఎంతసేపు నిలబడ్డామో నాకు గుర్తులేదు.

2010లో నాకు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. అమ్మ 2014 దాకా ఊడ్చి, మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చుంది. పింఛను లేదు. ఇప్పటికీ రాత్రి పదైతే నాకు నిద్ర రాదు. మూడేళ్ళ నిద్ర ఏ చీటీలో పాడుకున్నా తిరిగి రాదు.

నా కథ తీరిపోయిందిగానీ ఆ లెక్క తీరలా. మా పేట ఆడవాళ్ళు ఆ తర్వాత మైక్రోఫైనాన్సు గ్రూపుల్లో చేరారు. వారం వారం వాయిదా, ఒకళ్ళు కట్టకపోతే పదిమందీ ఆ గుమ్మం ముందు కూర్చోవాలి. ఆత్మహత్యలు జరిగినాక 2010 అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ గొడవ బయటపడింది. 2020 నాటికి ఆ మోటారు సైకిలు కుర్రాడు సెల్‌ఫోనులోకి దూరాడు. లోన్ యాప్‌లోళ్ళు గూడా ముందే కోసుకుని ఇస్తారు, కట్టకపోతే ఫోటోలు మార్చి చుట్టాలందరికీ పంపుతారు. అదే ఏడు కరోనాలో ఊడ్చేవాళ్ళ మీద పూలు చల్లారు, కాళ్ళు కడిగారు. 2023 డిసెంబరులో ఆంధ్రాలో మున్సిపల్ కార్మికులు జీతాల కోసం, పర్మినెంటు కోసం సమ్మెకి దిగితే ఆ పూలు చల్లిన చేతులు కనపళ్ళేదు.

నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు పగలు డిగ్రీ చదువుతా, రాత్రి పదకొండింటికి బండి మీద బిర్యానీ పొట్లాలు మోస్తున్నారు. దానికి పార్ట్‌టైమ్ అని మంచి పేరు పెట్టారు. వాళ్ళు కష్టపడతన్నారని మెచ్చుకునే ముందు, ఇంట్లో ఎంత అప్పుందో, ఏ వడ్డీకి తెచ్చారో, ఆ నోటు ఎవురి బీరువాలో ఉందో అడగండి. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు పేటలకి పోయినప్పుడు ఈ లెక్కలు రాయండి. ఉపన్యాసం కన్నా ఈ లెక్కకే మా ఆడవాళ్ళు దగ్గరికొస్తారు.

రాసేటప్పుడు రెండో వైపు గూడా రాయండి. మాకు రావాల్సిన బాకీలు. మాయమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచి ఊరు ఒదిలిందాకా పద్నాలుగేళ్ళు కామందు ఇంట్లో రోజుకి రెండు గంటలు పేడకళ్ళు తీసింది. 10,220 గంటలు. గంటకి ఎంత కడతారో, ఎన్ని రూపాయల వడ్డీ వేస్తారో మీ ఇష్టం. ఆ నోటు మీద మాత్రం ఇంకా ఎవురూ చెల్లు రాయలేదు.