అడ్డవిల్లు

కొయ్యదిమ్మపై విల్లును అడ్డముగా బిగించి, మీట నొక్కి బాణమును విడుచు సాధనమును అడ్డవిల్లు అందురు. నా మిత్రుడు క్రొత్తగా కొన్న అడ్డవిల్లును చూచి అందరును దాని దిమ్మ మెరుగును మెచ్చుకొనిరి. విల్లు రెండు కొమ్మలును సమముగా నుండెను. బాణపు గాడియు తిన్నగా నుండెను. నాకు మాత్రము, త్రాటిని పట్టియుంచు లోపలి కొక్కెమును చూడవలె ననిపించెను.

త్రాడు ఎక్కుపెట్టక మునుపే దానిని వ్రేలితో తడవి చూచితిని. అంచు గరుకుగా నుండెను. అట్టి అంచు త్రాటి పోగులను దినదినము కోయుచుండును. బిగువున నున్న త్రాడు తెగినచో విల్లే విరుగవచ్చును. వేయువాని చేయియు, కన్నును అపాయమున పడును. కొక్కెమును మార్పించిన పిదపనే మిత్రుడు బాణము తొడిగెను.

చైనాలో షియాన్ సమీపమున 1974లో బయల్పడిన మట్టిసైనికుల గుంతలలో ఇట్టి విండ్ల కంచుమీటలు రెండు వందలకు మించి దొరకినవి. మూడు తునకలు, రెండు చీలలు కూడి ఒక్కొక్క మీట యగును. రెండువేల రెండువందల ఏండ్లలో కొయ్యదిమ్మలు శిథిలమైపోయినవి. ఆ కొయ్యలో దాగియుండిన కంచుతునకలు మాత్రము నిలిచినవి. వాని కొలతలలో భేదము మిక్కిలి స్వల్పము. ఎవరును చూడని చోటను ఆ పనివారు శ్రద్ధ తప్పలేదు. వస్తువును పరీక్షించువాడు మొదట చూడవలసినది ఆ చోటునే.