తాలిపేరు గేట్ల నుంచి తెర దాకా

వెబ్ అప్లికేషన్‌లో డేటాబేస్ ఎంటిటీ సర్వర్ నుంచి క్లయింట్‌కు సాగే దారిని చూడడానికి వరద నమోదు మంచి ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి దిగివచ్చే తాలిపేరుకు చర్ల మండలం పెద్దమిడిసిలేరు దగ్గర 25 గేట్ల ప్రాజెక్టు ఉంది. గేట్లు ఎత్తిన ప్రతిసారీ వదిలిన క్యూసెక్కులు, సమయం, నమోదు చేసిన ఉద్యోగి వివరం డేటాబేస్ పట్టికలో ఒక వరుసగా చేరతాయనుకుంటే, ఆ వరుసకు సర్వర్ మెమరీలో ఏర్పడే రూపమే ఎంటిటీ.

ఎంటిటీ ఒంటరిగా ఉండదు. నమోదు తన ప్రాజెక్టును చూపుతుంది, ప్రాజెక్టు తన నమోదులన్నిటినీ చూపుతుంది. బ్రౌజర్‌కు పంపడానికి దాన్ని ఉన్నదున్నట్టు జేసన్ అనే అక్షర రూపంలోకి మార్చబోతే ఆ గొలుసుకు అంతుండదు. అడగని పట్టికల నుంచీ వరుసలు లాక్కొస్తుంది. డేటాబేస్ సెషన్ మూసేశాక లాగబోతే ఎర్రర్ వస్తుంది. అన్నిటికన్నా పెద్ద ముప్పు, ఉద్యోగి ఫోన్ నంబరు చూసేవాళ్లందరికీ చేరిపోవడం. తెరమీద కనబడకుండా చేసినా, బ్రౌజర్‌కు ఒకసారి చేరిన సమాచారం దాగదు. అందుకే క్యూసెక్కులు, సమయం, ప్రాజెక్టు పేరు మాత్రమే ఉన్న చిన్న వస్తువును సర్వర్‌లోనే తయారుచేయాలి. మార్టిన్ ఫౌలర్ 2002 నాటి తన పుస్తకంలో వివరించిన డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్, అంటే డీటీవో, ఇదే. సిగ్నల్ అంతంతమాత్రంగా అందే అడవి పల్లెలకు ఈ పొదుపు నిజంగా మేలు చేస్తుంది.

తాలిపేరు గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు దుమ్ముగూడెం దాటి భద్రాచలం చేరేసరికి ప్రతి అంకె వెనకా ప్రాణాలుంటాయి. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఇలాంటి చోట సమయం తప్పితే సరైన అంకె కూడా దారి తప్పిస్తుంది. జేసన్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు. అది అక్షరాలుగానే వెళుతుంది. ఉదయం 6 గంటల కొలతను టైమ్ జోన్ చెప్పకుండా పంపితే, దాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయం (యూటీసీ) అనుకునే ప్రోగ్రామ్ మన సమయంలో పదకొండున్నరగా చూపుతుంది. సమయం పక్కన +05:30 చేర్చితే ఆ పొరపాటుకు తావుండదు.

కూనవరం దగ్గర గోదావరి పోటెత్తితే అందులో కలిసే శబరి ఎగదన్నినట్టు, ఈ దారిలోనూ ఎదురు ప్రవాహం ఉంది. ఉద్యోగి అంకె సరిదిద్ది పంపుతాడు. వచ్చిన ప్రతి గడినీ ఎంటిటీలో పోసేస్తే, ఫారంలో లేని గడిని చేర్చి పంపినవాడు అధికారాన్నే మార్చుకోగలడు. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో బయటపడిన లోపం ఈ కోవదే. కాబట్టి సర్వర్‌కు వచ్చే సమాచారానికి వేరే డీటీవో ఉండాలి, అందులో మార్చదగ్గ గడులే ఉండాలి. హక్కును సర్వరే తేల్చాలి.

ఇద్దరు ఒకే నమోదును తెరిస్తే రెండోవాడి సేవ్ మొదటివాడి దిద్దుబాటును తుడిచేస్తుంది. ప్రతి వరుసకూ వెర్షన్ సంఖ్య ఉండి, అది డీటీవోతో పాటు వెళ్లి తిరిగొస్తే, పాత సంఖ్యతో వచ్చినదాన్ని సర్వర్ 409 జవాబుతో తిప్పిపంపగలదు. అప్పుడు తెర కొత్త అంకెనూ రెండోవాడు రాసిన అంకెనూ పక్కపక్కన చూపి, ఏది నిలవాలో అతన్నే అడగాలి.