గది చూశాను, పిట్ట కనబడలేదు

మా మేనమామ గోల్ ఘర్‌లో ఉంటాడు. నలభై ఏళ్ల కిందట శ్రీకాకుళం నుంచి విశాఖ వచ్చి, ఓడెక్కి, ఇక్కడే స్థిరపడ్డాడు. అప్పట్లో ఈ ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో ప్రభుత్వం శ్రీవిజయపురం అని పేరు మార్చింది గానీ మామయ్య నోట ఇంకా పాత పేరే వస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు నన్ను సెల్యులార్ జైలుకి తీసుకెళ్ళాడు.

గేటు దగ్గరే పేచీ వచ్చింది. "ఏట్రా, చెప్పులు విప్పవా? ఇది గుడి కంటే ఎక్కువ" అన్నాడు. ఇది మ్యూజియం మామయ్యా, గుడి కాదు అన్నాను. ఆయన విప్పాడు, నేను విప్పలేదు.

1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన కట్టడం ఇది. మధ్యలో ఒక గోపురం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, మూడేసి అంతస్తులు. ఒక విభాగం ముఖం ఇంకో విభాగం వీపువైపు ఉంటుంది. ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడకూడదు. అదీ లెక్క. ఇప్పుడు మూడు విభాగాలే మిగిలాయి. కూల్చిన చోట గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఉంది. 1979లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

పై అంతస్తు చివర సావర్కర్ గది. జనం దండాలు పెడుతున్నారు. నేను గది చూశాను. ఇనుప ఊచల తలుపు, వెనక గోడకి చాలా ఎత్తున ఒక చిన్న కిటికీ. నాకు వెంటనే కర్ణాటక ఎనిమిదో తరగతి పాఠం గుర్తొచ్చింది. ఈ గదికి తాళం చెవి పట్టే కన్నం కూడా లేదట. అయినా బుల్‌బుల్ పిట్టలు వచ్చేవట. సావర్కర్ వాటి రెక్కల మీద కూర్చుని మాతృభూమిని చూసి వచ్చేవారట. 2022లో దీని మీద గొడవ జరిగితే అది కవితాత్మకంగా రాసినదని సమర్థించారు. పదమూడేళ్ల పిల్లవాడికి అది కవిత్వమని ఎవరు చెబుతారు?

ఆయన 1911 నుంచి 1921 దాకా అండమాన్‌లో శిక్ష అనుభవించారు. ఇది నిజం. క్షమాభిక్ష కోరుతూ అర్జీలు పెట్టుకున్నారు. ఇదీ నిజమే. రెండూ రికార్డుల్లో ఉన్నాయి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించే ఓపిక లేనివాళ్లకే పిట్టలు కావాలి.

మహిమలు అక్కర్లేని చరిత్ర ఇక్కడ చాలా ఉంది. మనుషుల్ని ఎద్దుల్లా గానుగకి కట్టి, రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యమనేవారు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్రా చనిపోయారు. బలవంతంగా గొట్టంతో పాలు పోయడమే కారణం. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి వంటి తెలుగువాళ్లనూ ఇక్కడికి పంపారు. ఇదంతా ఏ పిట్ట సాయమూ లేకుండా జరిగింది.

గోపురంలో పాలరాతి పలకల మీద రాజకీయ ఖైదీల పేర్లు రాష్ట్రాలవారీగా చెక్కారు. తృప్తిగా చదువుకున్నాను. ఇదిగో సాక్ష్యం అనుకున్నాను.

సాయంత్రం మామయ్య ఇంటి పక్క ముసలావిడ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన ఖైదీల సంతతి. ఇక్కడివాళ్లు 'లోకల్ బోర్న్' అంటారు. మామయ్యతో హిందీలో మాట్లాడుతోంది. జైలు చూశారా అని నేనడిగాను. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదంది. మా తాత పేరు అక్కడ లేదు, వెళ్ళి ఏం చూడాలి అంది. ఏ కేసులో పంపారని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదంది.

నాకు నోట మాట రాలేదు. 1858లో 200 మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరం మొదలైంది. తర్వాత వేలమందిని తెచ్చారు. అడవి కొట్టింది వాళ్లు. ఆ జైలు గోడలు కట్టిందీ ఖైదీలే. ఇంత చేసినవాళ్లకి పలకలో చోటు లేదు. అదేమిటని నాకూ తోచలేదు. దండం పెట్టనంత మాత్రాన నేను సరిగ్గా చూసినట్టు కాదు. ఎవరు లేరో అడగకపోవడం కూడా ఒక రకం భక్తే.

మామయ్యకి చెబితే నవ్వాడు. "నాను చెప్పులిప్పింది గోడలకనుకున్నావేట్రా? కట్టినోళ్లకి" అన్నాడు. నిజంగా అక్కడ అలా అనుకున్నాడో, అప్పటికప్పుడు అన్నాడో నాకు తెలియదు. వాదించలేదు.

మీలో ఎవరికైనా అండమాన్‌లో బంధువులుంటే, వాళ్ల ముసలివాళ్లు చెప్పేది రాసి పెట్టండి. ఎవరు, ఎప్పుడు, ఏ ఊరి నుంచి, ఏ పని చేశారు. తెలియనిది తెలియదనే రాయండి. పిట్టల్ని మాత్రం కలపకండి.