ఆకు కన్నా ముందు నీళ్ళు

పల్నాటి నేల కింద సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మా ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు అన్నీ ఆ రాయి చలవే. ఆ రాళ్ళ సందుల్లో ఊరిన బోరు నీళ్ళకీ దాని గుణమే వస్తుంది. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అందుకే గ్రీన్ టీ ఏది కొనమంటావని ఎవరైనా అడిగితే, కంపెనీ పేరు చెప్పేముందు నేను వాళ్ళింట్లో నీళ్ళ సంగతి అడుగుతాను.

పాలూ పంచదారా పోసి మరగబెట్టే మామూలు టీలో నీళ్ళ లోపం చాలావరకు కప్పుకుపోతుంది. గ్రీన్ టీకి ఆ చాటు లేదు. ఒకే డబ్బాలోని ఆకు తీసి, ఒక గ్లాసులో బోరు నీళ్ళు, ఇంకో గ్లాసులో శుద్ధి చేసి అమ్మే 20 లీటర్ల టిన్ను నీళ్ళు కాచి పోసి చూడండి. టిన్ను నీళ్ళలో లేత పసుప్పచ్చగా, గ్లాసు అడుగు కనిపించేంత తేటగా దిగుతుంది. బోరు నీళ్ళలో అదే ఆకు గోధుమరంగుకి తిరిగి మసకబారుతుంది. కాసేపు ఆగితే పైన సన్నటి తెట్టు కూడా కడుతుంది. నీళ్ళలోని కాల్షియం ఆకు సారంతో కలిసి చేసే పని అది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో దీన్ని కొలిచి చూశారు. గ్రీన్ టీకి ఇంత పేరు తెచ్చిన ఈజీసీజీ అనే పదార్థం, బాటిల్ నీళ్ళలో దిగినదాంట్లో సుమారు సగమే కుళాయి నీళ్ళలో దిగింది. ఆ కుళాయి నీళ్ళ టీయే చేదు తక్కువగా, తాగడానికి బాగుందని చాలామంది అన్నారట. చేదు తగ్గిందంటే సారం తగ్గిందన్నమాట.

వినుకొండ, బొల్లాపల్లి వైపు ఇంకో చిక్కుంది. అక్కడి బోర్లలో ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. దర్శి, పొదిలి అప్పట్లో ఆ జిల్లావే. వినుకొండకి దర్శి ఏమంత దూరం? తేయాకు మొక్క కూడా నేలలోంచి ఫ్లోరైడు పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. చిగురులో తక్కువ, ముదిరేకొద్దీ ఎక్కువ. చవకరకం పొడిలో ముదురాకే ఎక్కువగా ఉంటుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ గీత దగ్గరున్న నీళ్ళలో ముదురాకు పొడి వేసి రోజుకి నాలుగైదు సార్లు తాగితే రెండు వైపుల నుంచీ ఒంట్లోకి చేర్చుకున్నట్టే. ఆ ఊళ్ళవాళ్ళు ఆకు మీద ఇంకో పది రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఇక ఆకు. నరసరావుపేట కొట్లలో అలమర నిండా గ్రీన్ టీ డబ్బాలే. తులసి, నిమ్మ, తేనె, అల్లం అంటూ బొమ్మలు. నేనైతే మొదటిసారి కొనేవాళ్ళకి ఏ వాసనా కలపని ఉత్త ఆకే కొనమంటాను. పాతబడిన ఆకునీ నాసిరకాన్నీ నిమ్మ వాసన చక్కగా దాచేస్తుంది. డబ్బా తిప్పి ప్యాకింగ్ తేదీ చూడండి. మామూలు టీపొడిలా ఇది ఏళ్ళతరబడి నిలవదు, కోసిన ఆరేడు నెలల్లో తాగితేనే దాని రుచి. ఇంటికొచ్చాక చిటికెడు ఆకు అరచేతిలో పోసుకుని వాసన చూడండి. మంచి ఆకైతే ఇప్పుడే కోసిన గడ్డి వాసనో, వేయించిన పెసరపప్పు వాసనో వస్తుంది. పాతదైతే ఎండుగడ్డి కంపు. తాగేశాక గ్లాసు అడుగున మిగిలిన తడి ఆకును వేలితో విప్పి చూడటం నాకు చాలా ఇష్టం. నీలగిరి నుంచి వచ్చిన మంచి ఆకు అయితే పొడుగ్గా చుట్టుకున్నది కాస్తా విచ్చుకుని, అంచున సన్నటి పళ్ళు, మధ్యన ఈనె, ఒక్కోసారి రెండాకుల నడుమ మొగ్గతో సహా కనిపిస్తుంది. కొన్ని టీ బ్యాగుల్ని కత్తిరించి చూస్తే దుమ్మూ కాడ ముక్కలే. రంగు కలిపారేమోనని అనుమానమొస్తే తడిపిన తెల్లకాగితం మీద కాస్త ఆకు చల్లండి. వెంటనే రంగు మరకలు పడితే ఆ డబ్బా మళ్ళీ కొనకండి.

కొన్నాక దాచడం మన ఊళ్ళలో ఇంకా కష్టం. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. ఆ వేడికి మూత వదులైన డబ్బాలోని ఆకు నెల తిరక్కుండా రంగు మారుతుంది. పైగా ఆకు చుట్టుపక్కల వాసనంతా పీల్చేస్తుంది. మిరపకాయలు పట్టించి తెచ్చిన కారం డబ్బా, ఇంగువ, ఆవకాయ జాడీ ఉన్న అరలో పెడితే టీలో కారం ఘాటు తగులుతుంది. వంద గ్రాములకి మించి కొనకుండా, బిగుతు మూత స్టీలు డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టుకోవాలి. కాచేటప్పుడు ఆకుని మరిగించొద్దు. నీళ్ళు తెర్లాక దించి, మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగి, అప్పుడు ఆకు వేసి రెండు నిమిషాలకి వడకట్టండి. పొగలు కక్కుతుండగా తాగే అలవాటు మనకి ఎక్కువ. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకి క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది.

గ్రీన్ టీని ఆరోగ్యంతో ముడిపెట్టడం నిన్నటి మాట కాదు. చైనాలో జెన్ బౌద్ధం చదువుకుని, 1191లో తేయాకు విత్తనాలతో జపాను తిరిగొచ్చిన ఐసాయ్ అనే భిక్షువు 1211లో ‘కిస్సా యోజోకి’ అని టీ తాగి ఆయుష్షు పెంచుకోవడం మీదే పుస్తకం రాశాడు. జెన్ గురుపరంపరలో 14వ వాడు మన ఆచార్య నాగార్జునుడు. ఆయన పేరే ఉన్న మాచర్ల దగ్గరి నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటుంది. బౌద్ధం చేరిన దేశాల వరుసలో చైనా పేరు ఆ శాసనంలో చెక్కి ఉంది. ఆ కొండ చుట్టూ సాగర్ జలాశయంగా నిలిచిన నీళ్ళే ఇప్పుడు కుడి కాలవలో పారి మన ఊళ్ళ చెరువుల్ని నింపుతున్నాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మళ్ళీ ఆరోగ్యం మాటకొస్తే, అదే జపానులో, ఓసాకి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ళతరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రోజుకి ఐదు కప్పులు, ఆపైన తాగినవాళ్ళలో గుండెజబ్బు, పక్షవాతం మరణాలు తక్కువ. ఆడవాళ్ళలో ఆ తేడా ఇంకా ఎక్కువ. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనబడలేదు. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గేమాట నిజమే కానీ, పరీక్షలు కలిపి చూస్తే అది కొద్ది పాయింట్లే, అంతే. బరువు సంగతి 2012లో కొక్రేన్ సమీక్ష తేల్చింది. తగ్గేది లెక్కలోకి రానంత స్వల్పం. ఆకు సారాన్ని చిక్కపరిచి గోళీలుగా అమ్మేవాటి జోలికి మాత్రం ఎవరూ పోవద్దని నా ప్రార్థన. రోజుకి 800 మిల్లీగ్రాముల ఈజీసీజీ, ఆపైన గోళీల రూపంలో పడితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపించాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కప్పులో తాగే టీతో సాధారణంగా ఆ భయం లేదు.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. అన్నం తిన్న వెంటనే గ్రీన్ టీ తాగుతుంది.

“తినంగానే తాగితే అరుగుద్దంట గదమ్మాయ్, ఒళ్ళు కూడా తగ్గుద్దంట.”

“ఆమధ్య రక్తం పరీక్షలో ఎంతొచ్చింది పిన్నీ?”

“తొమ్మిదే అంట. ఐరన్ బిళ్ళలిచ్చారు.”

“ఎప్పుడేసుకుంటన్నావు?”

“ఆ టీతోనే. రెండు పనులూ ఒకేసారి అయిపోతయ్యి గదా.”

టీలోని వగరు అన్నంలోని, ఆకుకూరల్లోని ఇనుముని, బిళ్ళలోని ఇనుముని కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఆ బిళ్ళలు ఆమె నెలల తరబడి మింగుతోంది. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మిరప కోతలకెళ్ళే ఆడవాళ్ళు పొద్దున సద్ది తిన్న వెంబడే టీ తాగుతారు, మధ్యాహ్నం అన్నమయ్యాక మళ్ళీ తాగుతారు. గ్రీన్ టీ అయినా మామూలు టీ అయినా ఈ చిక్కు ఉంటుంది. తిండికీ టీకీ మధ్య గంట, గంటన్నర ఎడం ఉంటే చాలు. బిళ్ళని నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఇంకా మేలు. గర్భిణీలకి ఊరూరా తిరిగి ఐరన్ మాత్రలు పంచే ఆశా కార్యకర్తలు, మాత్ర చేతిలో పెడుతూ “టీతో వేసుకోవద్దమ్మా” అని ఆ ఒక్క మాటా చెప్పాలని నా కోరిక. ఈసారి మా వీధికి వచ్చినప్పుడు అడుగుతాను కూడా.